అద్దాల షెడ్డులో పాలవాసన

మనిషి చచ్చిన చోట దెయ్యం ఉందంటే నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. సింగపూర్‌లో వన్-నార్త్ అనే పేటలో ఆ అద్దాల షెడ్డు సంగతి మాత్రం వేరు. అందులోని ఇల్లు అసలు ఇల్లే కాదు. ఎవరూ అక్కడ పుట్టలేదు, ఎవరూ పోలేదు, ఎవరూ కనీసం ఒక కునుకు తీయలేదు. అయినా చీకటి పడితే ఆ పక్కనుంచి నడవడానికి జనం జంకేవారు.

నాంపెన్‌లో ఇళ్ళు కట్టి అమ్మే కంపెనీ ఒకటి అక్కడ ఖాళీ స్థలం అద్దెకు తీసుకుంది. సింగపూర్ వాళ్ళు కంబోడియా దాకా వెళ్ళే పని లేకుండా ఇక్కడే చూసి కొనుక్కోవాలని పొడవాటి షెడ్డు వేసి, లోపల మూడు నమూనా ఇళ్ళు కట్టింది. మొదట కాండో — అంటే అపార్టుమెంటులో ఫ్లాటు, దాని పక్కన వరుస ఇల్లు, చివర్న విల్లా. కిటికీల వెనక మెకాంగ్ నది బొమ్మలు అతికించారు. కుళాయి తిప్పితే నీళ్ళు రావు. పొయ్యి తిప్పితే మంట రాదు. టీవీ కూడా అట్టముక్కే.

అలాంటి చోట... రాత్రిళ్ళు విల్లా వంటగదిలో దీపం వెలుగుతోందన్నారు. గిన్నె చప్పుడు వినపడిందన్నారు. అన్నిటికన్నా వింత ఒకటుంది — వాసన. పొయ్యే వెలగని ఆ వంటగదిలోంచి, మాడిన పాలవాసన!

అక్కడ రాత్రి కాపలాకి కుదిరిన అప్పన్న అంకుల్ ఒక్క రాత్రి చేసి మానేశాడు. ఆయనది తాతల కాలంలోనే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి సింగపూర్‌లో స్థిరపడిన కుటుంబం. ఆయన తెలుగులో అరవం, మలయ్, మాట చివర ఇక్కడివాళ్ళ 'లా' కలిసిపోయి ఉంటాయి.

"నేను దొంగలకి కాపలా కాస్తాను లా. దొంగ వస్తే పట్టుకుంటాను. పాలు కాచుకునేవాళ్ళని ఏం చెయ్యమంటావు? అది పాంటాంగ్ చోటు. తాకకూడదు, తలుచుకోకూడదు," అనేవాడు.

ఆ షెడ్డుకి రెండు వీధుల అవతల ఒక పరిశోధనశాలలో రజిత ఉద్యోగం. అప్పన్న అంకుల్ ఇప్పుడు కాపలా కాసేది ఆ భవనం గేటు దగ్గరే. ఆమె రాత్రి షిఫ్టు ముగించుకుని వెళ్ళేటప్పుడల్లా ఆయన ఒకటే మాట — "అమ్మాయ్, చుట్టూ తిరిగి పో. ఆ దారిన పోకు."

రజితకి దెయ్యాల భయం లేదు. ఆమెను పట్టుకున్నది వేరే. దాని పేరు అక్క.

అక్క తారాదేవి. చిన్నప్పుడు కొత్త పరికిణీ అక్కకి, పొట్టిదైపోయాక అది రజితకి. అక్క పుస్తకాలు, అక్క చెప్పులు, చివరికి అక్క జడగంటలు కూడా అరిగాకే రజిత దగ్గరికి వచ్చేవి. పెళ్ళయి ముందు సింగపూర్ వచ్చింది అక్క. తరవాత రజిత వచ్చింది. అక్క ఫ్లాటులోంచి చూస్తే చెట్లు. బుకిట్ బటోక్‌లో రజిత ఫ్లాటులోంచి చూస్తే కార్లు నిలిపే కట్టడం. ఇవి చిన్న విషయాలని చెప్పేవాళ్ళు ఎప్పుడూ పెద్దపిల్లలై పుట్టినవాళ్ళే. తినగా మిగిలింది తిన్నవాళ్ళకి తెలుస్తుంది ఆ మంట.

అలాంటి అక్క, బావ అనిల్‌కుమార్‌తో కలిసి ఆ కంపెనీ దగ్గరే నాంపెన్‌లో విల్లా కొంది. గేటున్న కాలనీలో జంట విల్లా — అంటే రెండిళ్ళకి మధ్య ఒక గోడ ఉమ్మడి. చుట్టాల వాట్సాప్ గ్రూపులో రోజూ ఫొటోలే. ఒకరోజు మెట్లు. ఒకరోజు వంటగది. ఒకరోజు ఉత్త తలుపు గొళ్ళెం! దానిక్కూడా తునిలో ఉన్న కమల వదిన చప్పట్ల బొమ్మలు పెట్టింది.

రజితకి నిద్ర పట్టలేదు. వారం తిరక్కుండా, ఒక బుధవారం నాడు, భర్త కృష్ణచైతన్యని ఆ షెడ్డుకి లాక్కుపోయింది.

"కాండో తీసుకుందాం రజితా," అన్నాడతను, మూడూ చూశాక. "మనం బయటి దేశం వాళ్ళం. అక్కడ నేల మన పేరు మీద రాదు. కాండోలో పై అంతస్తు ఫ్లాటయితే మన పేరు మీదే రాస్తారు."

"అక్కకి విల్లా, నాకు డబ్బానా?"

"మనం అందులో ఉండం కదా. అద్దెకిస్తాం."

"అద్దెకిచ్చినా విల్లాయే ఇస్తాను."

"పోనీ ఈ వరుస ఇల్లు..."

"దానికి రెండు వైపులా పక్కవాళ్ళ గోడలే. అక్కకి ఒక వైపే. నాకు ఏ వైపూ ఉండకూడదు. అదిగో, ఆ విడి విల్లా."

"నువ్వు ఇల్లు చూస్తున్నావా, గోడలు లెక్కపెడుతున్నావా?" నవ్వాడతను. ఆమె నవ్వలేదు. అతను కూడా ఆపేశాడు. "విల్లా అంటే నేల ఆ ఊరి మనిషెవరి పేరు మీదో పెట్టాలి. ముక్కూ మొహం తెలియని మనిషి. మన కష్టమంతా అతని పేరు మీదా?"

"అక్క పెట్టలేదూ?"

ఆ ఇంట్లో అంతకు మించిన వాదన లేదు. ఇద్దరూ ఇన్నేళ్ళు రాత్రనక పగలనక సంపాదించింది మొత్తం ఒక్క సంతకంతో పరాయివాడి పేరున పెట్టడానికి ఆమెకి చాలిన కారణం అదొక్కటే — అక్క పెట్టింది. కృష్ణచైతన్య ఎన్ని చెప్పినా వినలేదు. శనివారం పొద్దున సంతకాలకి ఒప్పుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం అక్క ఫోను.

"ఏమే, తెల్లవారుజాము ముహూర్తానికి పాలు పొంగిస్తున్నాం. నాంపెన్ బయల్దేరుతున్నాం."

"గృహప్రవేశమా! నాకు చెప్పనే లేదేం?"

"చిన్నగా చేసుకుంటున్నామే. ఎవర్నీ పిలవలేదు."

"నేను ఎవరో ఒకర్తినా అక్కా?"

అక్క "విమానం వేళయింది," అని పెట్టేసింది.

ఆ సాయంత్రం డ్యూటీకి వెళ్ళే రైల్లో రజిత తలుపుకి ఆనుకుని నిలబడి... చుట్టూ మనుషులుండగానే... లోలోపల ఒక మాట అనుకుంది. తోబుట్టువు విషయంలో అనుకోకూడని మాట. *ఆ ఇంట్లో నువ్వు సుఖంగా అడుగుపెట్టకూడదు.* అనుకుని, వెంటనే నాలుక కరుచుకుంది. కానీ అనుకున్నది అనుకున్నదే కదా.

పని ముగిసేసరికి ఇంకా చీకటిగానే ఉంది. టాక్సీ కోసం పెద్ద రోడ్డు దాకా నడవాలి.

"చుట్టూ తిరిగి పో అమ్మాయ్," అన్నాడు అప్పన్న అంకుల్. "ఇప్పుడే అటు దీపం చూశాను."

"దెయ్యానికి దీపం దేనికి అంకుల్?"

"అదే నేనూ అనుకున్నా. దానికి దీపంతో పనేంటి? ఎవరికో కనపడాలనే కదా లా."

రజిత నవ్వి ముందుకే నడిచింది. కాళ్ళు నొప్పులు. చుట్టూ తిరిగే ఓపిక లేదు. రోడ్డు మీద పురుగు లేదు... రాత్రి కురిసిన వాన చెట్ల మీంచి ఇంకా కారుతోంది... షెడ్డు అద్దాలు నల్లగా, నిండా చీకటి పట్టుకుని నిలబడి ఉన్నాయి.

చివర్న మాత్రం నల్లగా లేవు.

విల్లా ఉన్న వైపు, బాగా లోపల, పసుపు రంగు వెలుతురు. ఎవరో కదిలినట్టు నీడ. రజిత ఆగింది. ఊపిరి పీల్చింది.

పాలు.

కాగుతున్న పాలు. ఇంకా పొంగలేదు. పొంగబోతున్న వాసన.

ముందు ఆమె అనుకున్నదేమిటంటే — నాకు పిచ్చెక్కింది. ఈ వేళకి నాంపెన్‌లో అక్క పాలు పొంగిస్తూ ఉంటుంది. ఆ మంట తలకెక్కి, ఇక్కడ నాకు వాసన వస్తోంది. అలా అనుకుని పోయేదే. కానీ అంతలో ఇంకో ఆలోచన తగిలింది. పొద్దున సంతకం పెట్టబోయేది ఆ విల్లా కోసమే. సరిగ్గా అదే నమూనా. అంటే అది తన ఇల్లు!

నా ఇంట్లో, నాకన్నా ముందు, పాలెవరు పొంగిస్తున్నారు?

ఇంకొకరైతే పారిపోయేవారు. రజితకి దెయ్యం మీద కూడా కడుపు మండింది.

పక్క తలుపు ఓరగా తెరిచే ఉంది. లోపలికి అడుగు పెట్టింది. కాండో గది దాటింది — పరుపు మీద దుప్పటి నలగకుండా పరిచి ఉంది. వరుస ఇల్లు దాటింది — బల్ల మీద ప్లాస్టిక్ పళ్ళు. గాజుల చప్పుడు... ఆగింది. మళ్ళీ గాజుల చప్పుడు. ఎవరో సన్నగా, గొంతులోనే, ఏదో శ్లోకం చదువుతున్నారు. మధ్యలో మరిచిపోయి, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంటున్నారు.

విల్లా గుమ్మానికి మామిడాకులున్నాయి. కింద పసుపు, కుంకుమ.

వంటగదిలో ఒక ఆడమనిషి. అటు తిరిగి ఉంది. ఎర్రంచు పసుపు పట్టుచీర. జడలో పూలు. ఆ భుజాలు... ఆ నిలబడే తీరు, బరువంతా ఒక కాలి మీద వేసి...

ఆ మనిషి ఇటు తిరిగింది.

అక్క.

నాంపెన్‌లో ఉండాల్సిన అక్క. విమానం ఎక్కిన అక్క. మొహం పాలిపోయి, కళ్ళు గుంటలు పడి, రెప్ప వేయకుండా తనవైపే చూస్తున్న అక్క!

రజితకి ఒక్కటే అర్థమైంది. అక్క పోయింది. దారిలోనే, ఆ ఇంట్లో అడుగుపెట్టకుండానే పోయింది. తను రైల్లో అనుకున్న మాట తగిలింది. గోడ పట్టుకుంది. ఏడుపు గొంతుతో అడిగింది —

"అక్కా... ఎప్పుడు పోయావే?"

అక్క కెవ్వున అరిచింది. రజిత అంతకన్నా గట్టిగా అరిచింది. వెనకాల బుస్సుమని చప్పుడు. ఇద్దరూ ఉలిక్కిపడి చూసేసరికి, చిన్న గ్యాసు పొయ్యి మీద గిన్నెలోంచి పాలు పొంగి నాలుగు వైపులా కారిపోతున్నాయి. ముహూర్తానికి పొంగాయో లేదో, తూర్పుకి పొంగాయో లేదో, చూసినవాళ్ళు లేరు.

అక్క పరుగెత్తి గిన్నె పట్టుకుంది. "అమ్మా!" అని వేళ్ళు నోట్లో పెట్టుకుంది.

వేళ్ళు కాలితే నోట్లో పెట్టుకునేది బతికున్న మనిషే. రజిత దగ్గరికెళ్ళి ఆ చెయ్యి పట్టుకుంది. వెచ్చగా ఉంది.

"నువ్వు... ఇక్కడ... నాంపెన్‌లో కదా..."

"ఏ నాంపెన్?" అంది అక్క. నేల మీద కూలబడింది, పట్టుచీరతోనే. "ఆ ఇల్లు లేదే. పోయింది."

"పోవడమేంటి?"

"ఎవరి పేరు మీద పెట్టామో, వాళ్ళే దిగారు అందులో. కాగితాల ప్రకారం వాళ్ళదేగా. మీ బావ వెళ్ళి గేటు బయట నిలబడి చూసొచ్చారు. నేను తులసి పెడదామనుకున్న చోట వాళ్ళ నేల దేవతకి గూడు పెట్టి, అగరుబత్తీలు వెలిగించారట. అప్పట్నుంచీ ఆయన గది దాటి రావడం లేదు."

"మరి ఆ ఫొటోలు?"

"ఇక్కడివే. వారాంతాల్లో తెలుగువాళ్ళొస్తే చూపించడానికి కంపెనీవాళ్ళు నన్ను పెట్టుకున్నారు. తాళం నా దగ్గరే ఉంటుంది. కమల వదిన ఊరుకోదే! గృహప్రవేశం ఎప్పుడు, పాలెప్పుడు పొంగిస్తావు, వీడియోలో చూపించు అని ప్రాణం తీసింది. చేస్తే నోళ్ళు మూతపడతాయనుకున్నా. రెండుసార్లు వచ్చి పొంగించి చూశాను కూడా, పొగకి గంట మోగుతుందేమోనని. ఒకసారి మాడిపోయాయి."

దెయ్యం సంగతి అది! ఊరంతా హడలిపోయిన పాలవాసన అది!

ఇక్కడ రజిత గురించి ఒక నిజం చెప్పాలి. దాచితే కథ ఎందుకు? అక్క ఇల్లు పోయిందని విన్నప్పుడు ఆమె గుండెలో ముందు లేచింది జాలి కాదు. సంతోషం. మొహమంతా వేడెక్కేంత సంతోషం. మనుషులు దెయ్యాలకి భయపడతారు గానీ, భయపడాల్సింది అలాంటి సంతోషానికి. అదొచ్చి లోపల కూర్చుంటే ఏ తాయెత్తుకీ పోదు.

అక్క ఆమె మొహం చూసింది. చిన్నప్పట్నుంచీ చూస్తున్న మొహం. దాచుకోలేకపోయింది రజిత.

"నవ్వు," అంది అక్క. "నవ్వేసి పోవే."

రజిత నవ్వలేదు. సంతోషం అడుగున ఇంకేదో చల్లగా తగిలింది.

"అక్కా... పొద్దున నేను సంతకం పెట్టబోతున్నా. నీకు తెలుసా?"

"తెలుసు."

"నేలని వేరేవాళ్ళ పేరు మీదే పెడుతున్నా. నీలాగే. అదీ తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ చెప్పలేదా?"

"చెబితే నాకు ఇల్లు లేదని నీకు తెలిసిపోతుంది కదే." అక్క కాలిన వేళ్ళు ఊదుకుంది. "పొద్దున తలుపు దగ్గర నిలబడి ఎలాగో ఆపుదామనుకున్నా. ఏం అబద్ధం చెప్పి ఆపాలో ఇప్పటిదాకా తోచలేదు."

"నన్ను ముంచేదానివి!"

"మరి నువ్వు? నీకు విల్లా కావాలా? నా మీద పంతం కాకపోతే కృష్ణ చెప్పిన కాండో చాలదూ నీకు?"

ఇద్దరి మధ్యా నేల మీద పాలు చల్లారుతున్నాయి. ఒకరిని దాటి ఒకరు పోవాలని ఇద్దరూ ఒకే గోతివైపు పరుగెత్తారు. ముందు పడింది అక్క, అంతే. అందులో కూడా అక్కే ముందు.

"పెట్టను," అంది రజిత చివరికి. "సంతకం పెట్టను."

అక్క తలూపింది. అప్పుడే బల్ల మీద ఫోను మోగింది. వీడియో. కమల వదిన, తునిలో అర్ధరాత్రి దాటినా ముహూర్తం కోసం మేలుకుని కూర్చుంది.

"ఎత్తకు," అంది అక్క. "వద్దే. పాలు పోయాయి. నా మొహం చూడు."

ఎత్తకపోతే పొద్దున్నకి చుట్టాలందరి నోళ్ళలో అక్క నలుగుతుంది. రజితకి కావలసింది అదేగా, ఇన్నేళ్ళూ? తలుపు దాకా వెళ్ళింది కూడా. వెళ్ళి... ఆగింది. వెనక్కొచ్చింది. తన నీలం డ్రెస్సు చున్నీతో అక్క మొహం తుడిచింది. గోడకున్న ధరల అట్ట పీకేసి సోఫా వెనక పడేసింది. గిన్నెలో మిగిలిన పాలు మళ్ళీ పొయ్యి మీద పెట్టింది.

"నిలబడు. నేను ఫోను పట్టుకుంటాను. నేనున్నానని చెప్పకు."

తన మొహం కనపడకుండా, ఫోను వెనక కెమెరా అక్కవైపు తిప్పి పట్టుకుని, రజిత వంటగది మూలన నిలబడింది.

"అబ్బబ్బ! తారా, లక్ష్మీదేవిలా ఉన్నావే!" కమల వదిన గొంతు ఖాళీ షెడ్డంతా మోగింది. "మీ ఆయనేరీ?"

"పంతులుగారిని తీసుకురావడానికి వెళ్ళారు వదినా."

"అదిగో పొంగుతున్నాయి! పొంగాయి! ఆహా... ఇంత పెద్ద ఇల్లు మన వంశంలో ఎవరికుంది? ఆ హాలు చూపించు."

విచిత్రం చూడండి. ఇల్లు అట్టముక్కలదని తెలుసు. అక్కకి ఏమీ మిగల్లేదని తెలుసు. అయినా ఆ పొగడ్త వింటుంటే రజిత కడుపులో మళ్ళీ అదే మంట... నిజంగా అదే మంట! పళ్ళు బిగబట్టి, ఫోనును మెల్లగా హాలువైపు తిప్పింది. సోఫా. కిటికీ. కదలని నది. పైకి పోయే మెట్లు...

"అరే!" అంది కమల వదిన. "రజిత కూడా వచ్చిందే! చెప్పవేం తారా?"

రజిత ఫోనుని మెట్లవైపే ఆపేసింది.

"ఆ మెట్ల మీద మొహం ముడుచుకుని కూర్చుంది చూడు. ఉద్యోగం నుంచి ఆ నీలం డ్రెస్సులోనే వచ్చేసినట్టుంది. ఏమ్మా రజితా, అక్క ఇంట్లో శుభకార్యం, కాస్త నవ్వకూడదూ?"

అక్క మెల్లగా తల తిప్పింది. మెట్లవైపు చూసింది. అక్కణ్ణుంచి ఫోను పట్టుకుని నిలబడ్డ చెల్లెలివైపు చూసింది.

రజిత మెట్లవైపు చూడలేదు. చేతిలో తెరవైపూ చూడలేదు. అక్క కళ్ళలోకే చూస్తూ నిలబడింది.

"ఆఁ... లేచింది, లేచింది," అంటోంది కమల వదిన, ముసిముసిగా నవ్వుతూ. "ఇటే వస్తోంది. కాస్త జరుగు తారా... చెల్లెలికి చోటివ్వు."